గద్దముక్కు మోకులో నల్లపేట

పింగళ నది లోయంత అందమైన చోటు చుట్టుపక్కల నాలుగు రాజ్యాల్లో మరొకటి లేదు. ఆ ఉదయం దాన్ని చూస్తున్నకొద్దీ అరిందముడికి ఒళ్లు మండుకొచ్చింది.

నదికి రెండు వైపులా నిలువునా లేచిన కొండలు, ఎండ పడిన చోట పసుపుగానూ నీడ పడిన చోట కుంకుమ రంగులోనూ బారులు తీరి ఉన్నాయి. వాటి నడుమ పింగళ తీరిగ్గా వంకలు తిరుగుతూ, మడుగుల్లో పచ్చగా నిలిచి, బండల మీద తెల్లగా దూకి పారుతోంది. ఒడ్డున రెల్లు పూసింది. గట్ల మీద తంగేడు విరగబూసింది. నీటికాకులు రాళ్లెక్కి రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ప్రతి కొండ నెత్తినా ఒక ఊరు. కొండ ఎక్కడ ఆగిందో, రాతిగోడ ఎక్కడ మొదలైందో కిందనుంచి చూస్తే తెలియదు. కుంభినీపురం ఆస్థాన కవులు ఈ లోయ మీద శతకాలకు శతకాలు రాశారు. వాళ్లలో ఒక్కడూ ఇటు తొంగిచూసిన పాపాన పోలేదు.

చెల్లెలు చావుబతుకుల్లో ఉంటే ఈ తంగేడుకు పూయడానికి సిగ్గు లేదా అనుకున్నాడు కుంభినీపుర యువరాజు. కోపం వస్తే మనుషుల్నీ మానుల్నీ ఒకే గాటన కట్టెయ్యడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు.

అయితే ఈసారి కోపానికి కారణం ఉంది. ఎనిమిది రోజుల కిందట ఒక ముసలిది సాంబ్రాణి ధూపం వేస్తానంటూ అంతఃపురంలోకి వచ్చింది. తలంటి పోసుకుని కూర్చున్న రాజకుమారి చారుశీలకు ధూపం వేసింది, మోకాళ్ల దాకా జడ అల్లింది, అల్లిన జడను మెడ దగ్గరికి కోసి నోట కరుచుకుని అడవిపిల్లిగా మారి ప్రాకారం దూకిపోయింది. ఆ పసుపుపచ్చ కళ్లు చూసిన దాసీలు అది మాంత్రికుడు విడాలాక్షుడేనని చెప్పారు. అంతకు నెల ముందు వాడు కొలువుకు వచ్చి, పింగళ లోయలోని కొండ ఊళ్లకు తనను అధిపతిని చెయ్యమని అడిగాడు. ఆ ఊళ్లు నావి కావు, నీకెలా ఇస్తానని రాజు వాణ్ణి గెంటించాడు. వాడి కక్ష పదహారేళ్ల పిల్ల మీద తీరింది.

మూడో రోజు నుంచి చారుశీల కేకలు మొదలయ్యాయి. కదలకుండా పడుకున్న పిల్ల ఉన్నట్టుండి మెడ వెనక్కి విరుచుకుని, ఎవరో తన జుట్టుకు వేలాడుతున్నట్టు అరిచేది. కాసేపటికి తగ్గేది, మళ్లీ వచ్చేది. ఆ జడకు ఎక్కడో బరువులు కడుతున్నారని రాజవైద్యుడు చెప్పాడు. దాన్ని ఇంకొకసారి కోస్తే ప్రాణం పోతుందట. కొయ్యకుండా వదిలేస్తే ఈ బరువుకు పౌర్ణమి దాటదట. పౌర్ణమి నాటి చీకటిలోగా జడ తన చేతికొస్తేనే పిల్ల బతుకుతుందట. అరిందముడు ఆ మాట సగంలోనే గుర్రం ఎక్కాడు. పింగళ లోయకు తిన్నగా వస్తే ఒక్క రోజు దారే గాని, జాడలు వెతకడంలో అయిదు రోజులు గడిచాయి. రేపు పౌర్ణమి.

అడవిపిల్లి అడుగుజాడలు పట్టుకుని అతను లోయలోకి వచ్చాడు గాని యువరాజుగా రాలేదు. రావడానికి లేదు. అతని ముత్తాత ఉగ్రబాహు మహారాజు కోట కట్టించినప్పుడు ఇంటికొక మనిషిని పట్టి తెచ్చి రాళ్లు మోయించాడు. మోయలేనివాళ్లను ఆ రాళ్ల కిందే వదిలేశాడు. మిగిలినవాళ్లు పెళ్లాం బిడ్డలతో పారిపోయి వచ్చి, ఏ సైన్యమూ ఎక్కలేని ఈ కొండల మీద ఊళ్లు కట్టుకున్నారు. ఇక్కడి పిల్లలు అమ్మ, అవ్వ అన్న మాటల తర్వాత నేర్చేది రాజును తిట్టే తిట్టు.

అందుకని తిరగళ్లకు గంట్లు పెట్టే పనివాడి వేషం కట్టాడు. భుజాన సంచి, అందులో ఉలీ సుత్తీ, నడుముకు నల్లటి నడికట్టు. వేషం అమరింది గాని పని అమరలేదు. తేనెరాయి అనే మొదటి ఊళ్లో ఒక ముసలమ్మ తిరగలిని నాలుగు దెబ్బల్లో రెండు చెక్కలు చేశాడు. ఏనుగుతల అనే రెండో ఊరికి అతనికంటే ముందే ఆ కబురు చేరింది. కత్తిసాములో ఎదురులేని యువరాజును అక్కడి ఆడవాళ్లు చీపుర్లు చూపించి సాగనంపారు. రెండు ఊళ్లలోనూ మాంత్రికుడి జాడ లేదు.

మూడో కొండ గద్దముక్కు. పేరుకు తగ్గట్టే దాని కొస నది మీదికి వంగి ఉంటుంది. ఆ కొస మీద ఏనుగంత గిలక, దాని మీదుగా వేలాడే మోకు, మోకు చివర ముగ్గురు మనుషులు పట్టే వెదురుబుట్ట. మనిషి ఎక్కాలన్నా మూట ఎక్కాలన్నా ఆ బుట్టే దారి. ఆ మోకు సంగతి అరిందముడు కింది ఊళ్లలో విన్నాడు. ఊళ్లోని ప్రతి ఇల్లూ తన పేట ఒకటి పేని ఇవ్వాలి. అన్నీ కలిపి పురిపెడితే అది మోకు. పేట ఇచ్చిన ఇల్లు ఊరిది, ఇవ్వని ఇల్లు ఊరిది కాదు. కొత్తగా చేరినవాళ్ల పేటను బుట్టకు పైన మూడు మూరల మేర కలిపి పేనుతారు.

అతను వెళ్లేసరికి కొర్రచేల కోతలు అయిపోయి, కిందినుంచి గింజల బస్తాలు పైకి చేరవేస్తున్నారు. ఇద్దరు మనుషులు నాలుగో బస్తా బుట్టలోకి ఎత్తారు. అరిందముడి చూపు బస్తాల మీదినుంచి మోకు మీదికి పాకింది. నార పేటలు, జనుము పేటలు, పాతగుడ్డల పేటలు, అన్నీ ఎండకు వెలిసి బూడిదరంగులో ఉన్నాయి. వాటి మధ్య ఒక్క పేట నల్లగా నిగనిగలాడుతోంది.

చెయ్యి చాచి ముట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. చెల్లెలు తల తుడుచుకుంటూ ఎదురొస్తే వచ్చే సాంబ్రాణి వాసన వచ్చింది.

సరిగ్గా అప్పుడే కిందివాళ్లు కేక వేశారు, పైన గిలక కిర్రుమంది, నాలుగు బస్తాల బరువుతో మోకు బిర్రుగా బిగుసుకుని అతని చేతిలోంచి జారి పైకి వెళ్లింది. ఆ క్షణాన కుంభినీపురంలో ఏం జరుగుతోందో అతనికి తెలుసు. చారుశీల మెడ వెనక్కి విరిగిపోతోంది. బయల్దేరేముందు తను విన్న కేకలన్నీ ఈ బుట్ట ఎక్కిన మూటలే.

ఆపమని అరిచాడు. దించమని అరిచాడు. బస్తాలు ఎత్తే మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తేనెరాయిలో పగిలింది తిరగలి ఒక్కటే అనుకున్నాం, వీడి బుర్ర కూడానా అని ఒకడు నవ్వాడు. మోకు సంగతి మాట్లాడాలంటే మోకుపెద్ద తిమ్మక్కతోనే మాట్లాడాలని, ఆమె పైన ఉందని, బుట్ట దిగాక నువ్వూ ఎక్కి వెళ్లమని రెండోవాడు కాస్త జాలిగానే చెప్పాడు.

అరిందముడు బుట్ట వైపు చూసి ఉమ్మేశాడు. ఆ బుట్ట ఎక్కడమంటే చెల్లెలి జుట్టు పట్టుకుని తను వేలాడడమే. సంచి వీపుకు బిగించి, తిన్నగా వెళ్లి కొండకు చేతులు వేశాడు.

మూడు తరాలుగా ఆ కొండను ఎవడూ చేతులతో ఎక్కలేదు. మొదటి పది నిలువులూ కోపమే ఎక్కించింది. ఆ పైన రాయి పొడిరాయి, పట్టుకున్న చోటల్లా పిడికిట్లో గుల్లయి రాలుతోంది. ఒకసారి రెండు కాళ్లూ జారి ఒంటిచేత్తో వేలాడాడు. వేళ్ల చివర గోళ్లు లేచాయి. సగం కొండ దగ్గర బండచూరు కింద గుమ్మడికాయలంత తేనెపట్లు ఏడు వరసగా ఉన్నాయి. వాటిని తప్పించుకునే దారి లేదు. ఊపిరి బిగబట్టి పక్కగా పాకాడు గాని, సంచిలోని సుత్తి బండకు తగిలి టంగుమంది. ఈగలు తుట్టెలు వదిలి లేచి మీద పడ్డాయి. మొహం, మెడ, చెవులు వదలకుండా కుట్టాయి. ఇంకొకడైతే చేతులు వదిలేసేవాడు. అరిందముడు విడాలాక్షుణ్ణీ, వాడి గురువునూ, తేనెటీగల్నీ, ముత్తాత ఉగ్రబాహునూ వరసపెట్టి తిడుతూ ఎక్కాడు. తిట్లు అయిపోయేసరికి కొండ కూడా అయిపోయింది.

పైకి తల పెట్టగానే ఆరు బరిసెలు గొంతు మీదికి వచ్చాయి.

"ఉండండ్రా. ఎక్కింది మనిషో కోతో చూడనీండి" అంది ఒక గొంతు.

అది తిమ్మక్క. అరవై దాటిన మనిషి. మోకు పేని పేని అరచేతులు చింతబెరడులా అయ్యాయి. గొంతు మాత్రం కింద నది దాకా వినిపిస్తుంది. తేనెటీగలు కుట్టి కాశీగుమ్మడిలా ఉబ్బిన ఆ మొహాన్ని ఆమె ఎగాదిగా చూసింది. గిలక తిప్పే మొనగాడు బయన్న, ఆమె తమ్ముడు, గొడ్డలి భుజాన వేసుకుని పక్కన నిలబడ్డాడు.

అరిందముడికి నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు. "మీ మోకులో నల్లపేట నా చెల్లెలి జడ. మీరు బుట్ట లాగినప్పుడల్లా అక్కడ ఆమె ప్రాణం పోతోంది. ఇప్పుడే తియ్యండి" అన్నాడు.

గద్దముక్కు మీద ఆ మాట అనకూడదు. ఇచ్చిన పేట దేనితో పేనారని అడగడం ఆ ఊళ్లో హత్య కంటే పెద్ద నేరం. కొండ ఎక్కి వచ్చిన మొదటి ఏడాది ఏమీ లేని ఒక తల్లి పాత గుడ్డలు పేని పేటగా ఇచ్చింది. ఇవేం గుడ్డలని ఎవరో అడిగారు. దారిలో పోయిన తన బిడ్డ ఉయ్యాల గుడ్డలని చెప్పి, ఆ తల్లి ఆ సాయంత్రమే కొస మీదినుంచి దూకింది. ఆనాటి నుంచి పేట ఇస్తే కళ్లకద్దుకుని పేనడమే, అడగడం లేదు. లేనివాడి మర్యాద కాపాడే మంచి కట్టుబాటు అది. మంచి కట్టుబాట్లంటే దొంగలకు మహా ఇష్టం.

ఊరంతా భగ్గుమంది. ఆడవాళ్లు మట్టి ఎత్తి అతని మీద విసిరారు. ఆ గోలలో జనాన్ని తప్పించుకుంటూ, కర్ర తాటించుకుంటూ ఒక గుడ్డి ముసలాయన ముందుకొచ్చాడు. అయిదు రోజుల కిందట దిక్కులేనివాణ్ణని వచ్చి పేట ఇచ్చి ఊళ్లో చేరిన మనిషట. ఊరు అతన్ని కొత్తతాత అని పిలుస్తోంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఆయన కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాయి.

"తల్లీ తిమ్మక్కా, బీదవాడి పేట అని వీడికి అలుసు. నేనిచ్చింది నాది. అది తియ్యమని అడిగే హక్కు నాకే గాని దారినపోయేవాడికి లేదు గదమ్మా" అన్నాడు మెత్తగా.

కట్టుబాటు ప్రకారం ఆ మాట నిజం. జనం తలలు ఊపారు. ఇంతకూ ఈ ఉబ్బుమొహం ఎవడని బయన్న గద్దించాడు. అరిందముడికి వేషం మీద విసుగు పుట్టింది. సంచి తీసి నేలకేసి కొట్టాడు.

"ఉగ్రబాహు మునిమనవణ్ణి. కుంభినీపురం యువరాజును. మీ తాతల చేత రాళ్లు మోయించింది మా ముత్తాతే. దానికి నన్ను చంపాలంటే రేపు చంపండి, మెడ ఇస్తాను. ఈ రోజు మాత్రం మీరు మూటలు మోయిస్తోంది మా చెల్లెలి చేత. మీకూ మా ముత్తాతకూ తేడా ఏముంది?"

రాళ్లు లేచాయి. బయన్న గొడ్డలి లేచింది. ఒక రాయి వచ్చి అరిందముడి నుదురు చీల్చింది. అతను తప్పుకోలేదు.

"ఆగండ్రా" అంది తిమ్మక్క. ఈసారి గొంతు చిన్నగా ఉంది. ఊరు ఆగింది.

ఆమె గిలక దగ్గరికి నడిచింది. పైకి వచ్చిన బుట్ట కొస మీద ఆనుకుని ఉంది, బస్తాలు అప్పటికే దింపారు. నల్లపేట మీద రెండు చేతులూ పెట్టి పొడుగునా తడిమింది. ఇటు తిరిగేసరికి ఆమె మొహం చూసి బయన్న గొడ్డలి దించేశాడు.

"నలభై ఏండ్లుగా పేనుతుండా. నారైనా జనుమైనా పురి పెడితే పెట్టినట్టు ఉంటాది. ఇదొక్కటే తెల్లారేసరికి విప్పుకునేది. ముట్టుకుంటే వెచ్చగా తగిలేది. సచ్చిన నార యాడన్నా వెచ్చగుంటాదా? నా చేతికి మొదటి దినమే తెలిసింది. అడగగూడదని నోరు మూసుకుంటి. రోజుకు ముప్పై మూటలు లాగిస్తి ఆ బిడ్డ చేత." ఆమె తన చెంప తానే పగలగొట్టుకుంది. "పేట ఎవరి ఒంటి నుంచి వస్తే ఆ ఇంటిది. దొంగ తెచ్చిచ్చినంత మాత్రాన దొంగది గాదు. అన్న అడుగుతుండాడు, తీస్తాండా."

తిమ్మక్క బుట్టలోకి దిగి, పురి విప్పే జింకకొమ్ము మొన కొప్పులోంచి తీసి నల్లపేట మొదట్లో దూర్చింది.

కొత్తతాత కళ్లు తెరిచాడు. పసుపుపచ్చ కళ్లు, నిలువు పాపలు. వాడు పెదవులు కదిపాడో లేదో, గిలక దగ్గరి మనుషులు తలా ఒక మూలకు ఎగిరిపడ్డారు. మోకు పాములా ఒళ్లు విరుచుకుని తిమ్మక్కతో సహా బుట్టను కొండ మీదినుంచి బయటికి విసిరింది. బుట్ట సగం లోతు దాకా పడి, ఒక్క కుదుపుతో ఆగి గిర్రున తిరగసాగింది. ఆ కుదుపుకు నాలుగైదు వెంట్రుకలు పుటుక్కున తెగాయి.

రాచకన్య జడ చేరిన తాడు దాన్ని తెచ్చినవాడి మాట వింటుందని, ఇక ఈ కొండ తనదేనని విడాలాక్షుడు నవ్వాడు. ఊరు ఊరంతా మోకాళ్ల మీద కూర్చుని ఆ మాట ఒప్పుకుంటే ముసలిదాన్ని పైకి లాగుతాడట. యువరాజును నదిలోకి తోస్తే మరీ సంతోషిస్తాడట. లేకపోతే మోకును ఇలాగే కుదుపుతూ ఉంటాడట, రాజకుమారి ముందు పోతుందో ముసలిది ముందు పోతుందో చూద్దామట.

అరిందముడు నేల మీది సంచిలోంచి సుత్తి లాగి విసిరాడు. తిరగలికి గురి కుదరని చెయ్యి ఇక్కడ కుదిరింది. సుత్తి వెళ్లి మాంత్రికుడి నోటి మీద పడింది. వాడు పళ్లతో పాటు సగం మంత్రం కూడా ఉమ్మేశాడు. బయన్న ఊరందరితో కలిసి వాడి మీద పడ్డాడు. యువరాజు ఆ పోట్లాట చూడ్డానికి ఆగలేదు. కొస మీదినుంచి దూకి మోకు పట్టుకున్నాడు.

జడ ఉన్నది కింది మూడు మూరల్లోనే గనుక పైమోకు మీద తన బరువు చెల్లెలికి తగలదు. ఆ లెక్క అతను ఎక్కేటప్పుడే వేసుకున్నాడు. అరచేతులు కాలేలా జారి, నల్లపేట మొదలయ్యే చోటికి మూరెడు పైన ఆగాడు. మోకును తొడకు రెండు చుట్లు చుట్టి, పాదాలు మెలివేసి, తలకిందులుగా వేలాడాడు. రెండు చేతులూ కిందికి చాచి బుట్ట పైకడియం పట్టుకున్నాడు. పళ్లు బిగించి లాగాడు.

బుట్ట బెత్తెడు లేచింది. మూడు మూరల మోకు వదులయింది. అయిదు రోజుల తర్వాత మొదటిసారి ఆ జడ మీద బరువు లేదు. మధ్యలో తనే పేట అయ్యాడు.

"తియ్యవమ్మా" అన్నాడు. అంతకంటే మాట్లాడేందుకు ఊపిరి చాలలేదు.

తిమ్మక్క అప్పటికే బుట్టలో లేచి నిలబడి పని మొదలుపెట్టింది. జింకకొమ్ము ఒక్కొక్క మెలికలోకి దూరుతోంది, వేళ్లు ఒక్కొక్క పాయనూ విప్పుతున్నాయి. పైన మాంత్రికుడికి మధ్యమధ్య నోరు దొరుకుతున్నట్టుంది, మోకు ఉండుండి విదిలించుకుంటోంది. విదిలించినప్పుడల్లా అరిందముడి భుజాల కీళ్లు కలుక్కుమన్నాయి. నుదుటి నెత్తురు కళ్లల్లోకి కారింది. తుడుచుకునే చెయ్యి లేదు. ఇన్ని కొండలు, ఇంత నది, ఇంత ఎండ, అన్నీ తలకిందులుగా కనిపిస్తున్నాయి. అప్పుడూ అందంగానే ఉన్నాయి. అందుకు మరింత కోపం వచ్చింది. ఆ కోపంతో ఇంకో అంగుళం పైకి లాగాడు.

"మీ ముత్తాత మా తాత తమ్ముణ్ణి బండ కింద వదిలేసినాడు" అంది తిమ్మక్క, వేళ్లు ఆపకుండా.

"తెలుసు."

"తెలిస్తే సరి. గట్టిగా పట్టుకో."

చివరి పాయ ఊడింది. మోకాళ్ల దాకా వచ్చే జడ, ఒక్క పోగు కూడా కొత్తగా తెగకుండా, ముసలమ్మ చేతిలోకి వచ్చింది. అంతటితో మోకు విదిలించుకోవడం మానేసి ఉట్టి తాడయింది. పైన ఊరివాళ్లు గిలక పట్టుకున్నట్టు కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

దానితో పాటే బయన్న కేక వినిపించింది. విడాలాక్షుడు చేతుల్లోంచి జారిపోయాడు. కొస మీదినుంచి ఒక పెద్ద రాబందు రెక్కలు విప్పి లేచింది. దాని కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. అది సూర్యుడికి అడ్డంగా ఒక చుట్టు తిరిగింది. చారుశీల జడ కోసం చూస్తోంది.

జడ మళ్లీ వాడి చేత చిక్కితే ఇంత శ్రమా మట్టిపాలు. అంతలో అరిందముడి కాళ్ల పైన టప్పుమంది. మోకులో ఒక పేట తెగింది. ఇన్ని విదిలింపులకు అక్కడ మోకు చివికిపోయింది, ఇద్దరి బరువు ఆగడం లేదు. రెండో పేట కూడా తెగింది. ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

"అమ్మా, ఆ జడ నీ కొంగులో దాచు. కుంభినీపురంలో రాజవైద్యుడి చేతికి రేపు చీకటి పడేలోగా అందాలి" అన్నాడు.

తిమ్మక్క మొహం గంటుపెట్టుకుంది. "రాజుల ఊరా? మా కొండ మీద పుట్టినోళ్లు ఎవురూ ఆ గడప తొక్కలేదు. నేనూ తొక్కను. నువ్వే తీసకపో."

అతనికి వాదించే తీరిక ఉంటే ఆ మొండితనానికి ఆమెను నాలుగు మాటలు అనేవాడే. బుట్ట కడియం వదిలి, నడుముకున్న నల్లటి నడికట్టు ఊడలాగి, పిడికిట్లో మెలిపెట్టి, రాబందుకు కనబడేలా గాలిలో ఊపాడు. మెలితిరిగిన ఆ నల్లగుడ్డ ఎండలో అచ్చం జడలాగే ఉంది. రాబందు తల తిప్పింది. అరిందముడు తొడ మీది చుట్లు విడిపించుకుని మోకు వదిలేశాడు.

గాలి చెవుల్లో హోరెత్తింది. పది నిలువులు పడ్డాడో లేదో పైనుంచి రెక్కల చప్పుడు మీదికొచ్చి, నడికట్టు రెండో కొస గోళ్లకు చిక్కింది. రాబందు లాగింది. అతను వదల్లేదు. వదిలితే అది గుడ్డ అని దానికి తెలుస్తుంది, తెలిస్తే వెనక్కి బుట్ట వైపు చూస్తుంది. రెండు చేతులకూ గుడ్డ చుట్టుకుని, తన బరువంతా వేసి దాన్ని కిందికి లాగాడు. ఇద్దరూ ఒకరినొకరు ఈడ్చుకుంటూ కొండల మధ్య, నది మీదుగా, ఏటవాలుగా పడిపోతున్నారు. గోళ్లు అతని చేతుల్ని చీల్చుతున్నాయి. పచ్చటి నీళ్లు దగ్గరపడుతున్నాయి.

అప్పుడు వెనక, చాలా పైనుంచి, నది దాకా వినిపించే ఆ గొంతు వినిపించింది.

"పైకి లాగొద్దండ్రా. కిందికి దించండి నన్ను. కుంభినీపురానికి దారి ఎవురికి తెలుసు?"

అరిందముడు ఆ మాట చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత రాబందుతో సహా నీళ్లలో పడ్డాడు.